మెదడు వెనుకభాగాన్ని చదివిన వైద్యుడు

శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం కొబ్బరి తోటలకు, జీడిమామిడి తోటలకు ప్రసిద్ధి. అక్కడి పల్లెలను మూత్రపిండాల వ్యాధి చాలాకాలంగా పీడిస్తోంది. మూత్రపిండాలు దెబ్బతినేకొద్దీ రక్తపోటు పెరగడం సామాన్యం. ఆ రక్తపోటు పక్షవాతానికి ముఖ్యకారణాలలో ఒకటి. పక్షవాతమనగానే కాలూచేయీ పడిపోవడమే మనకు స్ఫురిస్తుంది. కానీ కాలుచేతులు చచ్చుబడకుండానే కళ్ళు తిరిగి, నడక తూలి, గొంతు బొంగురుపోయి, మింగుడుపడని పక్షవాతం కూడా ఉంది. దానిని పైత్యమని ఉపేక్షిస్తే ప్రాణాపాయం కలుగవచ్చు. ఈ వ్యాధి మర్మాన్ని విశదపరచిన మహనీయుడు అడాల్ఫ్ వాలెన్‌బర్గ్.

ఆయన 1862లో డాన్‌జిగ్ నగర సమీపాన ఒక యూదు కుటుంబంలో జన్మించారు. ఆ నగరమే నేటి పోలెండ్‌లోని గ్డాన్‌స్క్. హైడెల్‌బర్గ్, లైప్‌జిగ్ విశ్వవిద్యాలయాలలో వైద్యవిద్య అభ్యసించి, డాన్‌జిగ్‌లో వైద్యవృత్తి చేపట్టారు. రోగులకు చికిత్స చేస్తూనే మెదడులోని నాడీమార్గాలను శ్రద్ధగా పరిశోధించారు.

1895లో ఆయన ఒక రోగి పరిస్థితిని వైద్యలోకానికి వివరించారు. ఆ రోగికి కళ్ళు తిరుగుతున్నాయి, మింగడం కష్టమైంది. ముఖంలో ఒకవైపు స్పర్శ మందగించగా, శరీరంలో రెండవవైపు మందగించింది. ఈ విచిత్రమైన వ్యత్యాసమే వాలెన్‌బర్గ్‌కు దారిచూపింది. ముఖం నుండి, శరీరం నుండి వచ్చే నాడీమార్గాలు ఇలా దెబ్బతినగలిగిన చోటు మజ్జాముఖపు పార్శ్వభాగమని ఆయన నిర్ణయించారు. అనుమస్తిష్కానికి వెళ్ళే ఒక ధమని మూసుకుపోయిందని ఊహించారు. ఎక్స్ కిరణాలు వెలుగుచూసింది ఆ సంవత్సరాంతంలోనే. మెదడును చూపే యంత్రమేదీ నాటికి లేదు. రోగి మరణానంతరం జరిపిన పరీక్ష ఆ ఊహ నిజమని నిరూపించింది. ఆ ఫలితాలను ఆయన 1901లో ప్రకటించారు. నాటినుండి ఆ లక్షణ సముదాయానికి ఆయన పేరే స్థిరపడింది.

మెడ వెన్నుపూసల గుండా పైకి సాగే రెండు ధమనులు ఏకమై మెదడు వెనుకభాగాన్ని పోషిస్తాయి. వాటిలో కొవ్వు పేరుకున్నా, గుండె నుండి రక్తపుగడ్డ వచ్చి అడ్డుపడినా, మెడకు దెబ్బతగిలి ధమని లోపలిపొర చిరిగినా ఈ పక్షవాతం రావచ్చు. చాలామందిలో వెన్నుపూసల ధమనియే మూసుకుపోతుందని తరువాతి పరిశోధనలు తెలిపాయి. దట్టమైన కపాలపు ఎముకల కారణంగా సి.టి. స్కాన్‌లో ఈ భాగం స్పష్టంగా కనబడదు. ఎం.ఆర్.ఐ. చిత్రంలో దెబ్బతిన్నచోటు తెల్లని మచ్చగా మెరుస్తుంది. అయితే తొలిగంటలలో అదికూడా ఒక్కొక్కప్పుడు ఆ మచ్చను చూపదు. అందువల్ల రోగి లక్షణాలను వైద్యుడు గమనించడం నేటికీ అత్యవసరం.

వాలెన్‌బర్గ్ 1907 నుండి 1928 వరకు డాన్‌జిగ్ నగర వైద్యశాలలో ఒక విభాగానికి అధిపతిగా ఉన్నారు. నాజీల విద్వేషం వృద్ధాప్యంలో ఆయనను స్వస్థలం నుండి వెళ్ళగొట్టింది. ఇంగ్లండులో తలదాచుకొని, పిదప అమెరికా చేరి, 1949లో అక్కడే కన్నుమూశారు. దేశం ఆయనను కాదన్నా, ఆయన జ్ఞానం ఎల్లలు దాటింది. హఠాత్తుగా కళ్ళు తిరిగి, నడక తూలి, మింగలేకపోయిన వ్యక్తిని క్షణం ఆలస్యం చేయక వైద్యశాలకు చేర్చడమే ఆ జ్ఞానానికి మనం చూపగల గౌరవం.