పళ్ళ వరుసకు దారి చూపిన పనిమంతుడు - డాక్టర్ ఎడ్వర్డ్ యాంగిల్

ప్రతి ఏటా వార్షికోత్సవం ముందు రోజు మన హాస్టల్ మెట్ల మీద నిలబడి గ్రూప్ ఫోటో తీయించుకుంటాం. ఫోటోగ్రాఫర్ నవ్వమనగానే మనలో కొందరి చేతులు వాటంతటవే నోటి మీదికి పోతాయి. ఎత్తుపళ్ళు ఉన్నవాళ్ళు, పన్ను మీద పన్ను వచ్చినవాళ్ళు, కింది దవడ ముందుకు ఉన్నవాళ్ళు పెదవులు బిగించి నిలబడతారు. కొబ్బరికోరాం అనే పేరు మన హాస్టల్లో ఎప్పుడూ ఎవరో ఒకరికి ఉంటూనే ఉంది. ఆ పేరు పెట్టింది కూడా మనమే. ఈ మాట ఒప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

మనలో ఒక మిత్రుడు ఆ పేరు భరించలేకపోయాడు. వేసవి సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు పెద్దవాళ్ళతో పోరి, ఊళ్ళో ఒకచోట ముందు పళ్ళు రెండు పీకించుకున్నాడు. అవి పుచ్చినవీ కావు, కదిలేవీ కావు. గట్టి పళ్ళు. తిరిగి వచ్చాక చూస్తే ఎత్తు పోయింది గానీ సందు మిగిలింది. కొన్నాళ్ళకు పక్క పళ్ళు ఆ సందులోకి ఒరిగాయి. స అనే అక్షరం పలికితే గాలి పోతోంది. వక్తృత్వ పోటీల్లో ఎప్పుడూ ముందుండే వాడు ఆ ఏడాది పేరే ఇవ్వలేదు.

ఆ సంగతి మమ్మల్ని చాలాకాలం బాధించింది. దంతవైద్యం చదివిన పూర్వ విద్యార్థి ఒకరు హాస్టల్‌కు వచ్చినప్పుడు అడిగాం. పళ్ళు పీకకుండానే వరుస సరిచేసే వైద్యం ఉందనీ, దానికి శాస్త్రంగా రూపం ఇచ్చిన వారిలో అమెరికాకు చెందిన ఎడ్వర్డ్ యాంగిల్ ముఖ్యులనీ ఆ అన్నయ్య చెప్పారు. ఆయన జీవితం తెలుసుకున్నకొద్దీ మన ఆటోనగర్ మేస్త్రీలే గుర్తొచ్చారు. అందుకే ఈ సంచికలో ఆయన కథ రాస్తున్నాం.

బాల్యం - చదువు

ఎడ్వర్డ్ హార్ట్లీ యాంగిల్ 1855 జూన్ 1న అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఒక రైతు కుటుంబంలో జన్మించారు. ఏడుగురు సంతానంలో ఆయన ఐదో బిడ్డ. బడి చదువులో ఏమంత చురుకైనవారు కాదు. పనిముట్లంటే మాత్రం ప్రాణం. ఆ నైపుణ్యాన్ని గుర్తించిన తల్లి ఆయనను ఒక పళ్ళ డాక్టరు దగ్గర పని నేర్చుకోవడానికి పెట్టారు. మన ఆటోనగర్‌లో కుర్రవాళ్ళను మేస్త్రీ దగ్గర పనిలో పెట్టినట్టే అనుకోండి. అక్కడ నేర్చుకున్న తరువాత కళాశాలలో చేరి 1878లో దంతవైద్యంలో పట్టా పుచ్చుకున్నారు.

కొంతకాలం సొంత రాష్ట్రంలోనే వైద్యం చేశారు. ఊపిరితిత్తుల జబ్బు రావడంతో గాలి మార్పు కోసం మిన్నియాపోలిస్ నగరానికి చేరారు. ఆ తరువాత వైద్యం వదిలి అన్నదమ్ములతో కలిసి మోంటానా ప్రాంతంలో గొర్రెల పెంపకానికి దిగారు. తీవ్రమైన చలికాలం ఆ మందను తుడిచిపెట్టేసింది. చేతిలో ఏమీ మిగలక మళ్ళీ మిన్నియాపోలిస్‌కు వచ్చి పళ్ళ వైద్యమే మొదలుపెట్టారు. 1886లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో అధ్యాపకులయ్యారు. ఆ మంద బతికి ఉంటే ఈ శాస్త్రం కథ ఎలా ఉండేదో!

అంతకు ముందు పరిస్థితి

వంకర పళ్ళను సరిచేయాలన్న ఆలోచన యాంగిల్‌తో పుట్టింది కాదు. ఫ్రాన్సు దేశపు పియర్ ఫోషార్ 1728లో అచ్చయిన తన గ్రంథంలోనే లోహపు పట్టీకి దారాలతో పళ్ళను కట్టి లాగే పద్ధతిని వివరించారు. కానీ ఆ తరువాత కూడా ఎవరికి తోచిన సాధనం వారు చేసుకునేవారు. ఏ పన్ను వంకరగా కనిపిస్తే దాన్ని నెట్టడమో, చోటు చాలకపోతే ఒకటి పీకేయడమో జరిగేది. అసలు సరైన వరుస అంటే ఏమిటి, ఏది ఎంత తప్పింది అని కొలిచేందుకు అందరూ ఒప్పుకున్న గుర్తు లేదు.

కీలకం ఆ దవడపన్ను

లారీ టైరు ఒకవైపే అరిగిపోతుంటే మన ఆటోనగర్‌లో మంచి మేస్త్రీ ఊరికే టైరు మార్చి పంపడు. చక్రాల అమరిక చూస్తాడు. తప్పు టైరులో కాదు, చక్రం నిలబడిన తీరులో ఉందని అతనికి తెలుసు. యాంగిల్ పళ్ళను చూసిన చూపు కూడా అదే. ముందు పన్ను వంకరను ఒక్కదాన్నే చూడకుండా, పై పళ్ళు కింది పళ్ళు కలుసుకునే తీరు మొత్తాన్ని చూశారు.

ఆ తీరును కొలవడానికి ఆయన ఎంచుకున్న గుర్తు మొదటి శాశ్వత దవడపన్ను. సుమారు ఆరేళ్ళ వయసులో పాలపళ్ళ వెనకాల వచ్చే పెద్ద పన్ను అది. పై దవడపన్ను ముందువైపు బయటి మొన, కింది దవడపన్ను బయటి గాడిలో కూర్చోవాలి. అలా కూర్చుని, మిగతా పళ్ళు కూడా వరుసలో ఉంటే నోరు సక్రమంగా ఉన్నట్టు. ఈ ఆధారంతో 1899లో ఆయన లోపాలను మూడు తరగతులుగా విభజించి ప్రకటించారు.

మొదటి తరగతిలో దవడపళ్ళు సరిగానే కలుస్తాయి, కానీ ముందు పళ్ళు ఇరుకై పన్ను మీద పన్ను ఎక్కుతుంది, లేదా వాటి మధ్య సందులు ఉంటాయి. రెండో తరగతిలో కింది వరుస వెనక్కి ఉంటుంది. మనం ఎత్తుపళ్ళు అని ఎగతాళి చేసేవాటిలో చాలావరకు ఈ కోవలోవే. చాలాసార్లు అక్కడ పై పళ్ళు ముందుకు రావడం కంటే కింది దవడ వెనకబడటమే అసలు సంగతి. మూడో తరగతిలో కింది వరుస ముందుకు వచ్చి, కింది పళ్ళు పై పళ్ళకు బయట పడతాయి.

ఇవి కాక నోరు మూసినా ముందు పళ్ళు కలవకపోవడం, పై పళ్ళు కింది పళ్ళను పూర్తిగా కప్పేయడం, ఒక పక్క పళ్ళు అడ్డంగా కలవడం కూడా ఉంటాయి. వీటివల్ల ముఖం తీరే కాదు, కొరకడం, నమలడం, పలకడం కూడా దెబ్బతినవచ్చు. ఇరుకు పళ్ళ మధ్య బ్రష్షు అందక పళ్ళు పుచ్చుతాయి. బయటికి వచ్చిన పళ్ళకు ఆటల్లో దెబ్బ తగిలి విరిగే ప్రమాదం ఎక్కువ.

చేతిపనిలో పుట్టిన శాస్త్రం

1892 నుంచి యాంగిల్ మిగతా పళ్ళ వైద్యం మానేసి వరుస సరిచేయడానికే అంకితమయ్యారు. 1900లో సెయింట్ లూయిస్ నగరంలో ఈ విద్యకే ప్రత్యేకంగా ఒక పాఠశాల తెరిచారు. అదే ఏడాది ఏర్పడిన ఈ వైద్యుల సంఘానికి తొలి అధ్యక్షులయ్యారు. అలా ఈ వైద్యం ఒక ప్రత్యేక శాఖగా నిలబడింది.

ఆయన తరగతి గదిలో ఎంత గురువో, పనిబల్ల దగ్గర అంత మేస్త్రీ. జర్మన్ సిల్వర్ అనే లోహంతో, బంగారంతో పట్టీలు, మరలు, తీగలు తయారుచేశారు. ఒక సాధనం చేయడం, దాని లోపం తానే కనిపెట్టడం, దాన్ని పక్కనబెట్టి ఇంకొకటి చేయడం ఆయన జీవితమంతా సాగింది. చివరగా, డెబ్బై ఏళ్ళ వయసులో, నలుచదరపు గాడి ఉన్న చిన్న బ్రాకెట్టును రూపొందించారు. ఆ గాడి ఎత్తు అంగుళంలో వెయ్యింట 22 వంతులు. అందులో పలకల తీగను బిగిస్తే పన్నును ముందుకూ వెనక్కీ జరపడమే కాదు, వేరును కూడా కావలసిన వైపు తిప్పవచ్చు. ఇప్పుడు మనం క్లిప్పులు అని పిలిచే వాటికి మూలం అదే. ఆ 22 వంతుల కొలత నేటికీ వాడుకలో ఉంది. లేతు మీద అంగుళంలో వెయ్యో వంతు తేడాను పట్టుకునే మన మేస్త్రీలకు ఆ పని విలువ వేరే చెప్పనక్కర్లేదు.

పన్ను ఎలా జరుగుతుందని మనకు సందేహం రావచ్చు. పన్ను ఎముకలో అతుక్కుపోయి ఉండదు. రెంటికీ మధ్య సన్నని నారపొర ఉంటుంది. తీగ మెల్లగా ఒత్తినప్పుడు, ఒత్తిడి పడిన వైపు ఎముక కరుగుతుంది, రెండో వైపు కొత్త ఎముక పేరుకుంటుంది. ఇది నెలకు ఇంచుమించు ఒక మిల్లీమీటరు చొప్పున సాగే పని. తొందరపడి గట్టిగా లాగితే వేరు దెబ్బతింటుంది. అందుకే వైద్యం చాలామందికి ఏడాదిన్నర, రెండేళ్ళు పడుతుంది. తీగలు తీసిన తరువాత కూడా పళ్ళు పాత చోటికి పోకుండా వాటిని పట్టి ఉంచే సాధనం పెట్టుకోవాలి.

పీకాలా, వద్దా?

సరైన వైద్యం చేస్తే ప్రతి నోటిలోనూ మొత్తం పళ్ళకు చోటు ఉంటుందని యాంగిల్ నమ్మారు. వరుస కోసం పళ్ళు పీకడాన్ని గట్టిగా వ్యతిరేకించారు. ఆ పట్టుదల వల్ల ఎందరికో మంచి పళ్ళు దక్కాయి. అయితే ఆయన కోపిష్టి. తనతో విభేదించిన వారిని సహించేవారు కాదు. కాల్విన్ కేస్ అనే మరో వైద్యుడు కొందరికి పళ్ళు తీయక తప్పదని వాదించినప్పుడు 1911లో పెద్ద చర్చే జరిగింది. యాంగిల్ పక్షం ఒక్క మెట్టు కూడా దిగలేదు.

ఆ పట్టును సడలించింది ఆయన శిష్యుడే. చార్లెస్ ట్వీడ్ గురువు చెప్పినట్టే ఏళ్ళ తరబడి వైద్యం చేశారు. తరువాత తన రోగులను తానే మళ్ళీ పరీక్షించి చూస్తే, చాలామంది పళ్ళు నిలకడగా లేవు. కొందరిలో నాలుగు చిన్న దవడపళ్ళు తీసి మళ్ళీ వైద్యం చేసి, 1940లో ఆ ఫలితాలను తోటివారి ముందుంచారు. అయినా ఆయన గురువును తూలనాడలేదు. గురువు చేసిన సాధనంతోనే గురువు తప్పును దిద్దారు.

ఇప్పుడు డాక్టర్లు ఎక్స్‌రే, పళ్ళ అచ్చు, ముఖం తీరు చూసి, చోటు కొలిచి, పన్ను తీయాలో వద్దో నిర్ణయిస్తారు. తీసినా ఆ సందును తీగలతో మూసేస్తారు. కొలత లేకుండా, ఆ తరువాతి వైద్యం లేకుండా ముందు పన్ను పీకేయడం వైద్యం కాదు. మా మిత్రుడికి జరిగింది అదే.

చివరి రోజులు

యాంగిల్ దగ్గర కార్యదర్శిగా చేరిన అన్నా హాప్కిన్స్ తరువాత దంతవైద్యం చదివి 1902లో పట్టా పొందారు. 1908లో వారు వివాహం చేసుకున్నారు. ఆయన రచనల్లో, పాఠశాల నిర్వహణలో ఆమె సగం బరువు మోశారు. 1916 ప్రాంతంలో విశ్రాంతి కోసం కాలిఫోర్నియాలోని పాసడీనా చేరినా, చదువుకోవాలని వచ్చినవారిని కాదనలేక అక్కడా పాఠశాల నడిపారు. 1930 ఆగస్టు 11న, 75వ ఏట కన్నుమూశారు. ఆయన పేరుతో మరుసటి ఏడాది మొదలైన వైద్య పత్రిక ఇప్పటికీ వెలువడుతోంది.

మన దేశంలో తొలి దంతవైద్య కళాశాలను డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ 1920లో కలకత్తాలో స్థాపించారు. హైదరాబాదులో ప్రభుత్వ దంతవైద్య కళాశాల 1959లో వచ్చింది. మన బెజవాడలోనూ ప్రభుత్వ దంతవైద్య కళాశాల, ఆసుపత్రి ఉన్నాయి.

మనం చేయవలసింది

తమ్ముళ్ళారా, మీలో ఎవరికైనా పళ్ళ వరుస తేడాగా ఉంటే అది మీ తప్పు కాదు. అందులో వంశపారంపర్యం ఉంటుంది. చిన్నతనంలో ఎక్కువ కాలం వేలు చీకడం, నోటితో గాలి పీల్చడం, పాలపళ్ళు పుచ్చి ముందే ఊడిపోవడం కూడా కారణాలే. ఆరేళ్ళకు వచ్చే దవడపన్ను ఏ పాలపన్నూ ఊడకుండానే వస్తుంది కాబట్టి ఇళ్ళలో దాన్ని పాలపన్నే అనుకుని వదిలేస్తారు. ఊళ్ళో మీ చెల్లెళ్ళకు, తమ్ముళ్ళకు ఆ పన్ను కాపాడమని చెప్పండి. ఏడేళ్ళ వయసులో ఒకసారి డాక్టరుకు చూపిస్తే మంచిది. దవడ ఎదిగే వయసులో కొన్ని లోపాలు తేలికగా సరవుతాయి.

పూర్వ విద్యార్థులైన అన్నయ్యలకు కూడా ఒక మాట. వయసు దాటిపోయిందని అనుకోవద్దు. చిగుళ్ళు, ఎముక గట్టిగా ఉంటే పెద్దవాళ్ళ పళ్ళూ జరుగుతాయి. దవడ ఎదుగుదల ఆగిపోయి ఉంటుంది కనుక తేడా మరీ ఎక్కువైతే శస్త్రచికిత్స కూడా అవసరం కావచ్చు. ఖర్చెంత, ఎన్నిసార్లు రావాలి అన్నది మొదలుపెట్టే ముందే అడిగి తెలుసుకోండి. మధ్యలో ఆపేస్తే మొదటికే నష్టం.

మా మిత్రుణ్ణి ఈ ఏడాది మేమే వెంటబెట్టుకుని ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్ళాం. పోయిన పళ్ళు తిరిగి రావు. ఒరిగిన పళ్ళను నిలబెట్టి, సందులో కట్టుడు పళ్ళు పెట్టవచ్చని అక్కడ చెప్పారు. చాలాకాలం పట్టే పని. వాడు సరేనన్నాడు. ఈసారి వక్తృత్వ పోటీకి పేరు ఇచ్చాడు కూడా.

మేమూ ఒక నిర్ణయం తీసుకున్నాం. ఇకమీదట ఈ హాస్టల్లో ఎవరినీ పళ్ళను బట్టి పేరు పెట్టి పిలవం. దానికి డాక్టరు అక్కర్లేదు, డబ్బు అక్కర్లేదు. వచ్చే ఏడాది గ్రూప్ ఫోటోలో ఎవరి చెయ్యీ నోటి మీద ఉండకూడదని మా కోరిక.