ప్రజల చరిత్ర వ్రాసిన సురవరము ప్రతాపరెడ్డిగారు

కృష్ణా తుంగభద్రలు కలియుచోటికి చేరువనున్న ఆలంపురము శైవులకు పరమపవిత్రమైన క్షేత్రము. బాదామి చాళుక్యులనాటి నవబ్రహ్మాలయములును, జోగులాంబ శక్తిపీఠమును ఇచట కలవు. శ్రీశైలమునకు ఇది పడమటి ద్వారమని యాత్రికుల విశ్వాసము. నదుల కూడలియందు కూడవెల్లిలో వెలసిన సంగమేశ్వరాలయము శ్రీశైల జలాశయమున మునిగిపోవలసిరాగా, దానిని రాయి రాయిగా విప్పి ఆలంపురమునకు తెచ్చి మరల నిలిపిరి. బసవేశ్వరుల ఇష్టదైవమైన కూడలసంగమదేవుని క్షేత్రము ఇది కాదు. అది కర్ణాటకమున కృష్ణా మలప్రభల సంగమమున ఉన్నది. పేర్లు దగ్గరగా నుండుటచే కొందరు రెంటిని ఒకటిగా తలచుట కలదు.

ఈ ఆలంపురసీమలోని బోరవెల్లి గ్రామమున 1896 మే 28న సురవరము ప్రతాపరెడ్డిగారు జన్మించిరి. తల్లి రంగమ్మగారు, తండ్రి నారాయణరెడ్డిగారు. స్వగ్రామము ఇటిక్యాలపాడు. నాడు ఈ తాలూకా నిజాము రాష్ట్రములోని రాయచూరు జిల్లాకు చెందియుండెను. తెలుగు, కన్నడము ఇరుగుపొరుగు భాషలుగా వినబడు నేల అది. కచ్చేరిలో ఉర్దూ, ఇంటిలో తెలుగు, సంతలో రెండు మూడు భాషలు కలిసిన మాట. ఇట్టి నేలపై పుట్టినవారికి పాలకుని భాష వేరు, పాలితుని భాష వేరు అను సంగతి పుస్తకము చదివి తెలిసికొన నక్కరలేదు.

ప్రతాపరెడ్డిగారి చదువు కర్నూలున సాగెను. అచట వెల్లాల శంకరశాస్త్రిగారి కడ సంస్కృతకావ్యములు పఠించిరి. పిదప హైదరాబాదు నిజాం కళాశాలలోను, మద్రాసులోను చదివి బి.ఏ., బి.ఎల్. పట్టములు పొందిరి. మద్రాసున వేదము వేంకటరాయశాస్త్రిగారి సాన్నిధ్యము లభించినది. కొంతకాలము న్యాయవాదిగా పనిచేసిరి గాని ఆ వృత్తియందు వారి మనసు నిలువలేదు. హైదరాబాదు కొత్వాలు రాజాబహద్దరు వెంకటరామారెడ్డిగారి పూనికతో 1918లో ఏర్పడిన రెడ్డి విద్యార్థి వసతిగృహమునకు పర్యవేక్షకులై, పల్లెలనుండి వచ్చిన పిల్లల చదువు సంధ్యలను కనిపెట్టి చూచుకొనిరి.

1926 మే 10న గోలకొండ పత్రిక వెలువడినది. వారమునకు రెండుసారులు వచ్చెడి ఆ పత్రిక రెండు దశాబ్దులపాటు వారి సంపాదకత్వమున తెలంగాణమునకు గొంతు అయ్యెను. అదే 1926లో మద్రాసున వేటూరి ప్రభాకరశాస్త్రిగారి పీఠికతో పాల్కురికి సోమనాథుని బసవపురాణము అచ్చుపడినది. ఈ రెండు సంఘటనలకు ఆనాడు సంబంధ మేమియు లేదు. కాని ఇరువది మూడేండ్ల తరువాత ఒక గ్రంథమున ఈ రెండును కలిసినవి.

నిజాము రాష్ట్రమున తెలుగు కవులే లేరని ఎవరో అన్నపుడు ప్రతాపరెడ్డిగారు వాదమునకు దిగలేదు. ఊరూరికి జాబులు వ్రాసిరి, పద్యములు తెప్పించిరి. 1934లో 354 మంది కవుల రచనలతో గోలకొండ కవుల సంచిక వెలువరించిరి. ఆక్షేపణకు సాక్ష్యముతోనే జవాబు చెప్పుట వారి పద్ధతి. చరిత్రరచనలోను ఆ పద్ధతినే వారు విడువలేదు.

పత్రికాసంపాదకునిగా వారి కన్నులయెదుట నిత్యము కదలాడిన ఘోరము వెట్టిచాకిరి. దేశముఖులు, జాగీరుదారులు, వచ్చిపోవు అధికారులు పిలిచినపుడెల్ల చాకలి బట్టలుతుకవలెను, కుమ్మరి కుండలీయవలెను, మంగలి సేవచేయవలెను, మాదిగ చెప్పులు కుట్టి, మూటలు మోసి, కబురులు చేరవేయవలెను. కూలి లేదు, కాదనుటకు వీలులేదు. ఇచట మనవారు ఒక్క క్షణమాగి ఆలోచింపదగిన సంగతి కలదు. బసవపురాణము తెరచి చూచినచో ఈ వృత్తులే కన్పట్టును. మడివాలు మాచయ్య చాకలి. గుండయ్య కుమ్మరి. మోళిగ మారయ్య కట్టెలమ్మి బ్రతికినవాడు. మాదర చెన్నయ్య పేరులోనే అతని కులమున్నది. 12వ శతాబ్దిలో కల్యాణమున ఏ చేతులపనిని కాయకమని కొలిచిరో, ఆ చేతులపనినే 20వ శతాబ్ది తెలంగాణమున దొరలు వెట్టియని దోచుకొనిరి. పని అదే. చేయువాని ఇచ్ఛ ఉన్నచోట అది పూజ, ఆ ఇచ్ఛను హరించినచోట అది బానిసము. మాచయ్య భవుల బట్టలుతుకనని వ్రతము పట్టి బిజ్జలునికే జంకని వీరుడు. అతని వృత్తివారే దాదాపు ఎనిమిదివందల యేండ్ల తరువాత గడీ వాకిట మూట దింపి నిలువవలసివచ్చెను.

1930 మార్చిలో మెదకు జిల్లా జోగిపేటలో మొదటి నిజామాంధ్ర మహాసభ జరిగినది. దానికి అధ్యక్షులు ప్రతాపరెడ్డిగారే. భాష, విద్య, గ్రంథాలయములు, సంఘసంస్కారము మొదలగునవే తొలి సభల ముఖ్యవిషయములు. విన్నపములు, తీర్మానములు సాధనములు. కాని అధికారమునకు విన్నపములు చేసి అలసిన పల్లెజనము ఆ మహాసభను తమదిగా చేసికొనిరి. 1944లో భువనగిరిలో రావి నారాయణరెడ్డిగారి అధ్యక్షతన జరిగిన సభతో అతివాదులు, మితవాదులు విడిపోయిరి. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య దేశముఖు మనుషుల తుపాకికి బలియయ్యెను. అటుపిమ్మట నల్లగొండ, వరంగల్లు పల్లెలలో సాగిన సాయుధపోరాటము 1951 వరకు ఆగలేదు. పండితులు సభాపతులుగా నెలకొల్పిన సంస్థ పదునారేండ్లలో కర్రలు, వడిసెలలు పట్టిన రైతుల చేతికి వచ్చెను. సంఘశాస్త్రము చదువువారు దీనికంటె గొప్ప ఉదాహరణము ఎచట వెదకగలరు?

ఆ శాస్త్రమున సంఘర్షణవాదమని ఒక మార్గము కలదు. సంఘము ఏకశరీరమువలె అవయవములు కలిసి మెలిసి పనిచేయునది అనువారికి ఇది ఎదురువాదము. జర్మనీదేశీయుడగు కార్ల్ మార్క్సు 1848లో తన మిత్రుడు ఏంగెల్సుతో కలిసి ప్రకటించిన గ్రంథమున మానవచరిత్ర యంతయు వర్గముల పోరాటమే యని ప్రతిపాదించెను. ఉత్పత్తి సాధనములు గలవాడొకడు, తన శ్రమ తప్ప వేరేమియు లేనివాడొకడు. వీరి నడుమ పెనుగులాటయే చరిత్రను నడపునని అతని సిద్ధాంతము. తరువాతి తరమువాడగు మాక్స్ వేబరు ధనమొక్కటే చాలదని, పరువు ప్రతిష్ఠలును, రాజకీయబలమును కూడ మనుష్యులను మెట్లుమెట్లుగా విభజించునని సవరించెను. మన దేశమున కులము ఉన్నంతకాలము వేబరు మాటయందు కొంత సత్యము కాదనరానిది. ధనికుడైనను అంటరానివాడు అంటరానివాడుగానే మిగులుట మనమెరిగినదే కదా.

ప్రతాపరెడ్డిగారు మార్క్సు మతస్థులు కారు. కాంగ్రెసువారు, సనాతనమును ప్రేమించుచు దానిలోని దోషములను ఎత్తిచూపిన సంస్కర్తలు. హిందువుల పండుగలను గూర్చియు, రామాయణ విశేషములను గూర్చియు గ్రంథములు వ్రాసినవారు. అయినను 1949లో వెలువడిన వారి ఆంధ్రుల సాంఘిక చరిత్ర, వర్గపోరాటవాదులు కోరిన పనిలో సగమును ముందుగానే చేసిపెట్టినది. రాజుల పుట్టుకలు, యుద్ధములు, వంశవృక్షములు మనకు సంబంధించినవి కావనియు, మన తాతముత్తాతలు ఏమి తినిరి, ఏమి కట్టిరి, ఏ ఆటలాడిరి, ఏ పన్నులు కట్టిరి అనునదే మన చరిత్రయనియు తలచి వారు ఆ గ్రంథమునకు పూనుకొనిరి. శాసనములు రాజులు చెక్కించినవి. వానిలో పేదవాని అంబలి గిన్నె కనబడదు. కనుక వారు కావ్యములను గాలించిరి. కవి వర్ణనలోనుండి గుడిసెను, గొంగళిని, మద్దికాయను, జొన్నరొట్టెను ఏరి తీసిరి.

ఆ గాలింపులో కాకతీయయుగమునకు వారికి దొరికిన పెన్నిధి పాల్కురికి సోమనాథుడు. బసవపురాణమును, 1939లో చిలుకూరి నారాయణరావుగారి పరిష్కరణమున వెలువడిన పండితారాధ్య చరిత్రయును లేనిచో ఆ అధ్యాయము ఎంత పలుచబడియుండెడిదో ఊహింపలేము. ఇతర కవులు రాజసభకై వ్రాసిరి. సోమనాథుడు భక్తజనమునకై ద్విపదలో జానుతెనుగున వ్రాసెను. అందుచే అతని కావ్యములలో కూలివాడును, కూరలమ్మువాడును నోరువిప్పి మాటలాడుదురు. పండితారాధ్య చరిత్రలోని పర్వతప్రకరణమున శివరాత్రికి శ్రీశైలమెక్కు జనసమ్మర్దము కన్నులకు కట్టును. తుమ్మెదపదములు, వెన్నెలపదములు, గొబ్బిపదములు, పర్వతపదములు పాడుకొనుచు కొండయెక్కు స్త్రీపురుషులు, తోలుబొమ్మలాటలు, గడసాములు అందు కలవు. మఠములలో పారాయణమునకై దాచిన గ్రంథములు పల్లెబ్రదుకునకు సాక్ష్యపత్రములని నిరూపించిన ఖ్యాతి ప్రతాపరెడ్డిగారిది. మన ఇండ్లలో ఆ గ్రంథములకు పసుపు కుంకుమలు పెట్టి మ్రొక్కినవారు ఎందరో కలరు. వానిలో తమ ఊరి కుమ్మరిని చూచినవారు ఎందరు?

అయితే ఆయన సోమనాథుని పొగడి ఊరకుండలేదు. కాకతీయయుగమున జైన, శైవ, వైష్ణవమతముల నడుమ చెలరేగిన కలహములను దాచక వ్రాసిరి. ఈ భాగము మనవారికి కొంత చేదుగా తోచవచ్చును. కాని బసవపురాణమే ఏకాంత రామయ్య కథలో జైనులతో పంతమును, దాని పర్యవసానమును వర్ణించియున్నది. కవి దానిని భక్తివిజయముగా చెప్పెను. చరిత్రకారుడు దానినే మతవైషమ్యముగా చదివెను. ఆ పుటలను తప్పించి ముందుకు పోవుట ఆ గ్రంథకర్తకే కాక సోమనాథునకును అన్యాయమగును. కులమును కాదన్న ఒక ఉద్యమము, తనను కాదన్న మరియొక మతముపట్ల ఎట్లు ప్రవర్తించెను అను ప్రశ్న న్యాయమైనదే. కల్యాణకథ చివర జరిగినదియు అట్టిదే. మాదిగ ఇంటికిని బ్రాహ్మణుని ఇంటికిని సంబంధము కలిపిన నేరమునకు హరళయ్య మధువరసులు దారుణమరణము పొందిరని సంప్రదాయము చెప్పును. సోమనాథుడు బిజ్జలుని వధతో కథ ముగించెను. పెండ్లిపీటలపై మొదలైన సమత కత్తులపై ముగిసినది. దానిని మతకలహమనవలెనా, వర్ణపోరాటమనవలెనా, వర్గపోరాటమనవలెనా? మూడును అందు కలవు. ఒక్కదానినే పట్టుకొన్నవారు మిగిలిన రెంటిని చూడలేరు.

ప్రతాపరెడ్డిగారి గ్రంథమునకు హద్దులును లేకపోలేదు. రాజుల చరిత్ర వద్దనుకొన్న గ్రంథమునందు పెక్కు అధ్యాయముల పేర్లు మాత్రము కాకతీయులు, రెడ్డిరాజులు, విజయనగరము అని రాజులవే. కావ్యములను కాలక్రమమున పెట్టుటకు వేరు దారి లేకుండెను. అంతకంటె పెద్ద కొరత మరియొకటి. ఆ గ్రంథము 1907వద్ద ఆగినది. అచ్చుపడిన 1949లో నల్లగొండ పల్లెలలో దున్నువాడు భూమిని అడుగుచుండెను, దొరగడీలు పాడుపడుచుండెను. వెట్టిని గూర్చి పత్రికలో చూచినవారు, జోగిపేట సభను నడపినవారు, తమ కాలపు పోరాటమును తమ చరిత్రలో చేర్పలేదు. వారు పెరిగినది రెడ్డి కుటుంబమున, పనిచేసినది రెడ్డి వసతిగృహమున. పోరాటము నడపినవారిలోను, ఎదుట నిలిచిన దేశముఖులలోను ఆ కులమువారే పెక్కురుండిరి. అట్టి తరుణమున తీర్పుచెప్పుట కత్తిమీది సాము. వ్రాయకుండుటకు కారణ మది కావచ్చును, కాకపోవచ్చును. 1956లో దామోదర ధర్మానంద కోశాంబి భారతచరిత్రను ఉత్పత్తి సంబంధముల వెలుగున ఆంగ్లమున వ్రాసెను. కావ్యములలోని సామాన్యజీవితమును ప్రతాపరెడ్డిగారు కూర్చిరి. దానికి కారణకార్యసంబంధమును వెదకుట కోశాంబివంటివారి మార్గము. కూర్పు లేనిదే కారణము వెదకుట గాలిలో మేడకట్టుట.

1952లో జరిగిన మొదటి సార్వత్రిక ఎన్నికలలో ప్రతాపరెడ్డిగారు వనపర్తినుండి కాంగ్రెసు పక్షమున హైదరాబాదు శాసనసభకు ఎన్నికైరి. కాని సభ్యత్వమును అనుభవించినది కొలదికాలమే. 1953 ఆగస్టు 25న పరమపదించిరి. కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగునకు తన మొదటి పురస్కారమును 1955లో ఆంధ్రుల సాంఘిక చరిత్రకే ఇచ్చినది. దానిని అందుకొనుటకు గ్రంథకర్త లేకపోయెను. మరుసటి యేడు రాష్ట్రముల పునర్విభజనమున రాయచూరు కన్నడదేశమునకు పోగా, ఆలంపురము, గద్వాల తాలూకాలు మహబూబునగరు జిల్లాలో కలిసినవి. 2016లో ఆ నేలయే జోగులాంబ గద్వాల జిల్లా అయినది. వారు పుట్టిన బోరవెల్లియు, స్వగ్రామమగు ఇటిక్యాలపాడును ఇపుడు ఆ జిల్లాలో ఉన్నవి.