హాల్‌స్టెడ్ వీధిలో ఇల్లు: జేన్ ఆడమ్స్ జీవితం

జేన్ ఆడమ్స్ 1860 సెప్టెంబరు 6న అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో సీడర్‌విల్ అనే చిన్న ఊళ్లో పుట్టింది. రెండేళ్లకే తల్లి పోయింది. తండ్రికి పిండిమరలుండేవి, రాష్ట్ర చట్టసభలో సభ్యుడు, అబ్రహాం లింకన్‌కు స్నేహితుడు. చిన్నప్పుడే వచ్చిన వెన్నెముక జబ్బు వల్ల జేన్ వీపు కొంచెం వంగి ఉండేది. అందగాడూ, పెద్దమనిషీ అయిన తండ్రి పక్కన తనలాంటి పిల్ల నడిస్తే కొత్తవాళ్లు ఏమనుకుంటారోనని, ఆదివారం చర్చి నుంచి వచ్చేటప్పుడు ఆయనతో కాకుండా తండ్రి సోదరుడితో నడిచేది. ఒకరోజు పట్నంలో నడిబజారున తండ్రి ఆమెను చూసి, తలమీది పట్టు టోపీ ఎత్తి, అందరి ముందూ పెద్ద మర్యాదగా పలకరించాడు. తన వల్ల తండ్రికి తలవంపులన్న భయం అప్పుడు తీరింది. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి, మళ్లీ అవసరమవుతుంది.

1881లో రాక్‌ఫర్డ్‌లో చదువు ముగిసింది. అదే ఏడాది తండ్రి చనిపోయాడు. వైద్యవిద్యలో చేరింది కానీ ఆరోగ్యం సహకరించక మానేసింది. తర్వాతి సంవత్సరాలు ఎక్కువగా యూరప్ ప్రయాణాల్లోనూ, ఏం చేయాలో తెలియని దిగులులోనూ గడిచాయి. 1888లో లండన్‌లో టాయ్న్‌బీ హాల్ చూసింది. చదువుకున్న యువకులు పేదల పేటలోనే కాపురముండి పనిచేసే చోటు అది. అలాంటిదే తమ దేశంలోనూ పెట్టాలని స్నేహితురాలు ఎలెన్ గేట్స్ స్టార్‌తో కలిసి నిశ్చయించుకుంది.

షికాగో అనగానే మనకు 1893లో వివేకానందుడు ప్రసంగించిన సభ గుర్తొస్తుంది. ఆ సభ జరిగిన కాలంలో ఆ నగర జనాభా పది లక్షలు దాటింది. అందులో నాలుగింట మూడు వంతుల కంటే ఎక్కువమంది పరదేశాల్లో పుట్టినవారో, వారి పిల్లలో. 1889 సెప్టెంబరు 18న జేన్, ఎలెన్ హాల్‌స్టెడ్ వీధిలో ఒక పాత ఇంట్లో దిగారు. దానికి ఒకపక్క అంత్యక్రియల సామాను దుకాణం, ఇంకోపక్క సారా దుకాణం. ఇల్లు కట్టించిన చార్లెస్ హల్ పేరు మీద దానికి హల్ హౌస్ అన్న పేరు స్థిరపడింది. చుట్టూ ఇటాలియన్లు, జర్మన్లు, ఐరిష్‌వారు, బొహీమియన్లు, రష్యా నుంచి వచ్చిన యూదులు. తర్వాత గ్రీకులు వచ్చారు, ఇంకా తర్వాత మెక్సికన్లు వచ్చారు.

ఈ ఇద్దరు చదువుకున్న యువతులు మొదట ఏం చేశారో చెబితే నవ్వొస్తుంది. నవల చదివి వినిపించే సభ పెట్టారు, చిత్రకళా ప్రదర్శనలు పెట్టారు. అవి పనికిరానివి అనను. రోజంతా కూలి చేసి వచ్చినవాళ్లకూ అందమైనది చూడాలని ఉంటుంది. కానీ పేటలోని తల్లులకు వాటికంటే ముందు కావలసినవి వేరే ఉన్నాయి. పనికి పోతూ పసిపిల్లల్ని ఇంట్లో పెట్టి తాళం వేసుకుని వెళ్లేవారు. అది చూశాక హల్ హౌస్‌లో పిల్లల సంరక్షణ కేంద్రం మొదలైంది. స్నానానికి నీళ్లులేని ఇళ్లు చూశాక స్నానపు గదులు వచ్చాయి. వారంలో ఒక సాయంత్రం జర్మన్లకు, ఒక సాయంత్రం ఇటాలియన్లకు కేటాయించారు. రెండో సంవత్సరానికి వారానికి రెండువేల మంది వచ్చేవారు.

అన్నిటికంటే నాకు నచ్చింది వాళ్ల వంటశాల కథ. బజారులో దొరికే తిండి పోషకంగా లేదని, శాస్త్రీయంగా వండిన సూపులూ కూరలూ చవకగా అమ్ముదామని తలపెట్టారు. ఒకరు బోస్టన్‌దాకా వెళ్లి ఆ వంట నేర్చుకొచ్చారు. అంతా పద్ధతిగా ఉంది, కొనేవాళ్లే అంతంతమాత్రం. ఒకామె దాపరికం లేకుండా చెప్పేసింది, అది బలమైన తిండేనట, కానీ తాను తినేది తనకిష్టమైనదేనట. ఇన్ని దేశాల నాలుకలు ఒక బోస్టన్ సూపుతో తృప్తిపడతాయని ఎలా అనుకున్నారో! మన హాస్టల్ మెస్‌లో ఒక రాష్ట్రం పిల్లలకు నచ్చిన కూరను ఇంకో రాష్ట్రం పిల్లలు పక్కకు నెట్టడం చూసినవారికి ఇందులో ఆశ్చర్యమేమీ ఉండదు. జేన్ వాళ్లను తప్పుపట్టలేదు. వంటశాల పక్కనే పెట్టిన కాఫీ హౌస్‌కు మాత్రం జనం ఇష్టంగా వచ్చారు, కూర్చున్నారు, మాట్లాడుకున్నారు. వాళ్లకు కావలసింది అదని తేలింది.

మొదటి క్రిస్మస్‌కు పిల్లలకు మిఠాయిలు పంచితే కొందరు ఆడపిల్లలు తీసుకోలేదు. వాళ్లు మిఠాయి కర్మాగారంలో ఆరు వారాలుగా ఉదయం ఏడు నుంచి రాత్రి తొమ్మిది దాకా పనిచేస్తున్నారు. మిఠాయి చూస్తేనే వాళ్లకు వెగటు. దగ్గరి ఇంకో కర్మాగారంలో కాపుదల లేని ఒకే యంత్రం దగ్గర ముగ్గురు అబ్బాయిలు గాయపడ్డారు, ఒకడు చనిపోయాడు. హల్ హౌస్‌లో ఉండే ఫ్లారెన్స్ కెల్లీ ఇలాంటివన్నీ విచారించి రాసింది. 1893లో ఇల్లినాయ్ రాష్ట్రం పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని కర్మాగారాల్లో పెట్టుకోకూడదని చట్టం చేసింది. పిల్లల కూలి మీద ఆధారపడిన తల్లిదండ్రుల్లో కొందరికి ఇది నచ్చలేదు. ఎవరి మేలు కోరి పనిచేస్తున్నారో వాళ్లే ఎదురు నిలిచినప్పుడు ఏం చేయాలన్నది తేలిక ప్రశ్న కాదు. జేన్ చట్టం పక్షానే నిలిచింది, ఆ కుటుంబాలతో పొరుగునూ వదులుకోలేదు.

1895లో హల్ హౌస్ వాళ్లు ఆ పేట పటాలు అచ్చువేశారు. ఏ ఇంట్లో ఏ దేశం వారున్నారో రంగులతో చూపే పటం ఒకటి, కూలి ఎంతో చూపేది ఇంకొకటి. ఆ చిన్న పేటలో 18 జాతుల వారున్నారని లెక్క తేలింది. అదే ఏడాది జేన్ చెత్త తనిఖీ అధికారిణి అయింది. వీధుల్లో పెద్ద కొయ్యపెట్టెలు పొంగిపొర్లుతుంటే, పిల్లలు వాటి చుట్టూనే ఆడుకునేవారు. తెల్లవారి ఆరింటికే లేచి చెత్తబండ్ల వెంట వెళ్లేది. ఒక ఇరుకు వీధిలో చెత్త తోడించగా తోడించగా 18 అంగుళాల కింద రాళ్లు పరిచిన బాట బయటపడింది! నగర దస్తావేజుల్లో చూస్తే ఆ బాట ఉన్నట్టు రాసే ఉంది.

ఇప్పుడు మొదట చెప్పిన సంగతికి వస్తాను. వలస వచ్చిన ఇళ్లలో పిల్లలు బడికి పోయి ఇంగ్లీషు చకచకా నేర్చేవారు, తల్లులకు అది పట్టుబడేది కాదు. పిల్లలకు తల్లి తలగుడ్డ, ఆమె మాట, ఆమె నడక అన్నీ నామోషీ అయిపోయాయి. ఒకరోజు వీధిలో ఒక ఇటాలియన్ ముసలమ్మ కదురుతో నూలు వడుకుతుంటే జేన్ చూసింది. ఆ చేతిపని ఇక్కడివాళ్లకు చూపించాలనిపించింది. 1900లో హల్ హౌస్‌లో శ్రమ ప్రదర్శనశాల మొదలైంది. సిరియన్, గ్రీకు, ఇటాలియన్, రష్యన్, ఐరిష్ స్త్రీలు తమ తమ పద్ధతుల్లో నూలు వడికి చూపేవారు. ఒక ఇటాలియన్ అమ్మాయి శనివారం సాయంత్రం వంట నేర్చుకోను తల్లితో కలిసి వచ్చేది. కానీ తల్లిని ముందు గుమ్మం దగ్గర వదిలేసి, తాను పక్క గుమ్మం నుంచి లోపలికి వెళ్లేది. ఒకనాడు ఉపాధ్యాయ విద్యాలయం నుంచి వచ్చినవాళ్లు తల్లి చుట్టూ మూగి ఆమె పనిని మెచ్చుకుంటుంటే ఆ పిల్ల చూసింది. తన తల్లి అంత గొప్ప పనిమంతురాలా అని జేన్‌ను ఆరా తీసింది. అవునని చెప్పి, తల్లి వదిలి వచ్చిన పల్లె గురించీ, అక్కడి జీవితం గురించీ జేన్ ఆమెకు వివరించింది. తర్వాత ఆ పిల్ల తల్లి వెంట ఒకే గుమ్మంలోంచి వచ్చింది. తండ్రి టోపీ ఎత్తిన రోజును మరిచిపోని మనిషికే ఆ గుమ్మాల తేడా కనబడుతుందని నాకనిపిస్తుంది.

లోటు లేదని చెప్పలేం. దక్షిణాది నుంచి నల్లజాతివారు షికాగోకు వేలాదిగా వచ్చినా, హల్ హౌస్ సేవ ఎక్కువగా యూరప్ నుంచి వచ్చినవారికే అందింది. అయితే 1909లో నల్లజాతివారి హక్కుల కోసం ఏర్పడిన జాతీయ సంస్థ స్థాపనలో జేన్ పాలుపంచుకుంది.

మొదటి ప్రపంచ యుద్ధాన్ని వ్యతిరేకించినందుకు ఆమెకు దేశద్రోహి అన్న మాట పడింది, పత్రికలు తిట్టాయి. 1931లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. ఆ ప్రభావం మన దేశానికీ చేరింది. షికాగోలో చదివిన క్లిఫర్డ్ మన్‌షార్ట్ బొంబాయి నాగ్‌పాడాలో అలాంటి పొరుగు సేవాకేంద్రం నడిపాడు. 1936లో అక్కడ మొదలైన టాటా సామాజిక సేవా విద్యాలయానికి మొదటి అధిపతీ ఆయనే.

1935 మే 21న జేన్ చనిపోయింది. ఆమె భౌతికకాయాన్ని హల్ హౌస్‌లో ఉంచితే వేలమంది బారులు తీరి చూశారు. సీడర్‌విల్‌లో పూడ్చారు. 1960ల్లో విశ్వవిద్యాలయం కోసం హల్ హౌస్ భవనాల్లో చాలావాటిని కూల్చారు. మొదట దిగిన ఆ పాత ఇల్లూ, భోజనశాలా మాత్రం మ్యూజియంగా మిగిలాయి.