హ్యారీ క్రో బక్

హ్యారీ క్రో బక్ (1884 - 1943) భారతదేశంలో ఆధునిక వ్యాయామ విద్యకు పునాది వేసినవారిలో ప్రముఖుడు. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో జన్మించాడు. 1891లో జేమ్స్ నైస్మిత్ బాస్కెట్‌బాల్ ఆటను రూపొందించిన స్ప్రింగ్‌ఫీల్డ్ వై.ఎం.సి.ఏ. విద్యాసంస్థలోనే ఈయన శిక్షణ పొందాడు.

ఆ రోజుల్లో మన పాఠశాలల్లో వ్యాయామమంటే చాలావరకు డ్రిల్లే. దానిని తరచుగా మాజీ సైనికులు చేయించేవారు. ఆటలు పిల్లలకు చేరాలంటే వాటిని నేర్పగల ఉపాధ్యాయులు ముందుగా తయారుకావాలి. ఈ లోటు తీర్చుటకు బక్ 1920లో మద్రాసులో వై.ఎం.సి.ఏ. వ్యాయామ విద్యా కళాశాలను స్థాపించాడు. బాస్కెట్‌బాల్, వాలీబాల్ ఆటలు దేశంలో వ్యాపించుటకు ఈ కళాశాల తోడ్పడింది. విశాఖపట్నం మొదలైన తెలుగు జిల్లాలు అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలోనివే.

1924 పారిస్ ఒలింపిక్ క్రీడలకు భారత జట్టు వెంట వెళ్ళాడు. 1943లో మద్రాసులోనే మరణించాడు. ఆయన నాటిన కళాశాల చెన్నైలోని నందనంలో నేటికీ నడుస్తున్నది.