జతీంద్రనాథుని ఆయుధము

వంగదేశమున బాఘా జతీను అను పేరు విననివారు అరుదు. 1906లో చిన్న కత్తితో పెద్దపులిని చంపినందున ఆయనకా పేరు కలిగెను. మన తెలుగునాట చదువుకొన్నవారు సైతము ఆయనను గూర్చి పులికథ చెప్పి, పిమ్మట బాలేశ్వరమున పోలీసులతో పోరాడి మరణించెనని చెప్పి ముగింతురు. ఈ రెంటి నడుమ తొమ్మిదేండ్లు గడచినవి. ఆ కాలమున ఆయన చేతికి వచ్చిన ఆయుధమెట్టిది, దానిని ఆయన ఎంతవరకు నమ్మెను, ఎచట నమ్మకపోయెను అను ప్రశ్నను ఎవరును తరచి చూచినట్లు మాకు కానరాదు. వీరగాథలకది చిన్న విషయము కావచ్చును. ఆయన బుద్ధిబలమును తెలిసికొనగోరువారికి మాత్రము అదియే ముఖ్యము.

జతీంద్రనాథ ముఖోపాధ్యాయుడు 1879 డిసెంబరు 7న నదియా జిల్లాలోని కయా గ్రామమున మాతామహుల యింట జన్మించెను. ఆ గ్రామమిపుడు బంగ్లాదేశమున కుష్ఠియా ప్రాంతములో నున్నది. ఐదవయేటనే తండ్రి గతింపగా, తల్లి శరత్‌శశీదేవి ఆయనను పెంచెను. కృష్ణనగరమునను కలకత్తాలోను చదివి, సంక్షిప్తలేఖనము నేర్చి, బెంగాలు ప్రభుత్వమువారి కొలువున స్టెనోగ్రాఫరుగా చేరెను. పగలు దొరల యుత్తరములు వ్రాసిపెట్టుచు, తీరిక వేళల దొరతనమును కూలద్రోయు సంఘములను కూర్చుచుండెను. 1910లో హౌరా కుట్రకేసున పట్టువడి, ఏడాదికి పైగా చెఱలో నుండి, 1911లో విడుదలయ్యెను. కొలువు పోయినది. పిమ్మట జెస్సూరు వైపున కంట్రాక్టు పనులు చేయుచు, చెదరిపోయిన సంఘములను మరల దరిజేర్చెను.

ఈ సంఘములకు మనుష్యుల కొరత లేదు, ఆయుధముల కొరతయే. 1878 నాటి ఆయుధముల చట్టము, 1959లో కొత్తది చేయబడువరకు, ఈ దేశమున నమలులో నుండెను. పంటకాపునకై ఒక నాటుతుపాకికి లైసెన్సు కోరి కచేరీ గుమ్మముల చుట్టు తిరిగిన కుటుంబములవారికి ఆ చట్టపు పట్టు ఎట్టిదో మేము వేరుగా చెప్పనక్కరలేదు.

యూరపు మహాసంగ్రామమున ఇంగ్లండు దిగిన మూడు వారములకు, 1914 ఆగస్టు 26న, కలకత్తాలో ఆయుధ వర్తకులైన రోడ్డా కంపెనీవారి సరకు రేవునుండి విడిపింపబడెను. అందు 202 పెట్టెలు. వానిని విడిపించిన గుమాస్తా శ్రీశచంద్ర మిత్రుడు 192 పెట్టెలను గోదాముకు చేర్చి, తక్కిన 10 పెట్టెలతో మాయమయ్యెను. వానిలో నున్నవి 50 మౌజరు పిస్తోళ్లు, 46,000 తూటాలు. ఈ పని జతీంద్రుడు స్వయముగా చేసినది కాదు. బిపిన్ బిహారీ గంగూలీ ప్రభృతుల సంఘము చేసినది. అయినను 44 పిస్తోళ్లు తడవు లేకుండ తొమ్మిది సంఘములకు పంపకమయ్యెను. జతీంద్రుని వర్గమునకును భాగము దక్కెను.

ఈ మౌజరును సాధారణ పిస్తోలనుకొనరాదు. జర్మనీలోని ఓబర్న్‌డార్ఫు పట్టణమున 1896లో రూపొందినది. ట్రిగ్గరు ముందున్న గూడులోనికి పది తూటాలను ఒక్క పట్టీతో దింపవచ్చును. దానిని దాచు కొయ్యపెట్టెయే దానికి మడమ: పెట్టెను పిస్తోలు పిడికి తగిలించినచో భుజమునకానించి కాల్చదగిన చిన్న కార్బైను సిద్ధమగును. 1918లో వెలువడిన రౌలటు కమిటీవారి నివేదిక సైతము ఈ సంగతిని ప్రత్యేకముగా నెత్తి చూపినది. ఇక తూటా. దొరల సైన్యమున వాడుకలోనున్న వెబ్లీ రివాల్వరు గుండు 265 గ్రెయినుల బరువు. దాని వేగము సెకనుకు 600, 700 అడుగులు. మౌజరు గుండు 86 గ్రెయినులే కాని సుమారు 1,400 అడుగుల వేగముతో పోవును. చిన్నగుండు, పెద్దవేగము: కనుక బాట తిన్నగా నుండును, గురి దూరమునకందును. ఈ తూటా పోలికనే రష్యావారు పిదప తమ తొకరెవ్ పిస్తోలుకు తూటా చేసికొని, రెండవ మహాయుద్ధమున లక్షలాది చిన్న మరతుపాకులకు దానినే వాడిరి.

కలకత్తా సందులలో రైఫిలు పట్టుకొని ఎవడు నడవగలడు? మౌజరు దుప్పటి క్రింద ఇముడును. కావలసినపుడు మడమ తగిలించుకొనిన నూరు గజములకు పైగా గురి నిలుచును. చాటున తిరుగువానికి ఇంతకు మించిన ఆయుధము దుర్లభము. అయితే లోపములును కలవు. ప్రతి పిస్తోలుపైనను సంఖ్య చెక్కబడియుండెను. ఆ సంఖ్యల పట్టిక రోడ్డావారి చిట్టాలో నున్నది. తూటాలు లెక్కకు పిస్తోలొకటికి 920. అవి తీరిన పిమ్మట ఈ దేశమున చట్టమును దాటి మరల దొరకు తావు లేదు. గురిపట్టీపై వేయి మీటర్లవరకు గీతలున్న మాట నిజమే. గీతలు గీసినంతమాత్రమున గుండు పోదు. 174 గ్రెయినుల గుండును 2,400 అడుగులకు మించిన వేగముతో వదలు సర్కారు రైఫిలు ముందు, బయలున, ఈ కార్బైను చాలదు.

జతీంద్రుడీ తారతమ్యమును చక్కగా నెఱిగియుండెనని మా దృఢవిశ్వాసము. మౌజరు చాలునని తలచినచో ఆయన బాలేశ్వరమునకు పోవలసిన పనియే లేదు; కలకత్తాలోనే యుండి ఒక్కొక్క అధికారిని మాటువేయవచ్చును. ఆయన కోరినది తిరుగుబాటు, దానికి కావలసినవి రైఫిళ్లు. 1915 ఏప్రిలులో నరేంద్రనాథ భట్టాచార్యుని (పిదప ఎం. ఎన్. రాయి అని ప్రసిద్ధుడైనవానిని) బటేవియాకు పంపి జర్మనులతో మాటలాడించెను. మావరిక్ అను ఓడలో 30,000 రైఫిళ్లు వచ్చుటకు ఏర్పాటయ్యెను. అవి చేరిన వెంటనే కలకత్తాకు వచ్చు మూడు రైలుమార్గములను త్రెంపవలెను. అందు మద్రాసు మార్గము, అనగా మన తీరమువెంట పోవు మార్గము, జతీంద్రుని వంతు. బాలేశ్వరమున యూనివర్సల్ ఎంపోరియమను దుకాణము తెరచుటకు ఇదియే కారణము.

ఆ రైఫిళ్లు రానేలేదు. వానిని మోసిన ఆనీ లార్సెన్ అను తెరచాప ఓడ మావరిక్‌ను కలసికొనలేక అమెరికా తీరమునకే మరలి, 1915 జూనులో అక్కడి అధికారుల చేజిక్కెను. ఆగస్టు 7న కలకత్తాలో హారీ అండ్ సన్సు దుకాణమును పోలీసులు సోదా చేసిరి. అచటినుండి బాలేశ్వరము, బాలేశ్వరమునుండి మయూరభంజములోని కప్తిపద తెలిసిపోయెను. జతీంద్రుడు నలుగురు యువకులతో అడవులవెంట నడచెను. వారు చిత్తప్రియ రాయ్ చౌధురీ, మనోరంజన్ సేన్‌గుప్త, నీరేంద్రనాథ దాస్‌గుప్త, జ్యోతిష్ చంద్ర పాల్. గ్రామస్థులు వీరిని దోపిడిగాండ్రని భ్రమించి వెంటబడిరి. ఎవరికొరకు పోరుచున్నారో వారిచేతనే తరుమబడుట కంటె దుఃఖకరమైన ఘట్టము ఆయన జీవితమున మరి లేదు.

1915 సెప్టెంబరు 9న బుఢాబలంగ నది చేరువ చషాఖండమున మెరకనేలపై పొదలచాటున అయిదుగురును నిలిచిరి. ఎదుట రైఫిళ్లు పట్టిన సాయుధ దళము. ఏ కొరతను ఆయన ముందుగా లెక్కించి, తీర్చుకొనుటకు సముద్రములు దాటించి మనుష్యులను పంపెనో, ఆ కొరతతోనే బయలున నిలువవలసి వచ్చెను. అయినను మౌజరులతోనే సుమారు గంటకు పైగా వారిని నిలిపిరి. చిత్తప్రియుడచటనే నేలకొరిగెను. తూటాలు తీరెను. గాయపడిన జతీంద్రుడు మరునాడు బాలేశ్వరము ఆసుపత్రిలో కన్నుమూసెను; ఆయనకప్పటికి ముప్పదియారేండ్లైనను నిండలేదు. మనోరంజన, నీరేంద్రులకు ఉరి, జ్యోతిషునకు అండమాను.

రోడ్డావారి చిట్టాలోని సంఖ్యలు మాత్రము పోలీసువారికి మరికొన్నేండ్లు పని కల్పించినవి. దొంగిలింపబడిన 50 పిస్తోళ్లలో 31 బెంగాలు నానాప్రాంతములలో చిక్కెనని రౌలటు కమిటీవారు వ్రాసిరి. తక్కిన 19 అప్పటికి చిక్కలేదు.