మూడోసారి రాసిన పరీక్ష
(డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు జీవితం)



వారానికోసారి బడిలో ఇచ్చే నీలం రంగు మాత్ర మీ అందరికీ తెలుసు. అందులో ఐరన్‌తో పాటు ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. మన భద్రాచలం ఏజెన్సీలో సికిల్‌సెల్ జబ్బు ఉన్న పిల్లలకు డాక్టర్లు ఇచ్చే చిన్న మాత్ర కూడా ఫోలిక్ యాసిడే. దాన్ని ప్రయోగశాలలో తయారు చేసిన బృందానికి నాయకుడు మన తెలుగువాడే. ఆయన మెట్రిక్యులేషన్‌లో రెండుసార్లు తప్పారు.

యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మన భద్రాచలం మీదుగా పారే గోదావరి దిగువన ఉన్న రాజమండ్రిలో ఆయన బడి చదువు సాగింది. ఇంట్లో జబ్బులు, చావులు, డబ్బుకు కటకట. పుస్తకం మీద మనసు నిలవలేదు. పదమూడేళ్ల వయసులో అరటిపళ్లు అమ్ముకుని బతుకుదామని కాశీకి బయలుదేరి ఇల్లు వదిలారు. తల్లి వెంకమ్మ గారు ఊరుకోలేదు. వెనక్కి రప్పించి మళ్లీ బడిలో కూర్చోబెట్టారు. చివరికి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి మూడో ప్రయత్నంలో మెట్రిక్ గట్టెక్కారు.

ఆ తర్వాత ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్, అక్కడి నుంచి మద్రాసు మెడికల్ కాలేజీ. చదువుకు స్నేహితులు, కాబోయే మామగారు సాయం చేశారు. గాంధీజీ పిలుపు విని ఆయన ఖద్దరు కోటుతో ఆపరేషన్ గదికి వెళ్లారు. సర్జరీ ప్రొఫెసరుకు అది నచ్చలేదు. రాత పరీక్షలు బాగా రాసినా ఎం.బి.బి.ఎస్. ఇవ్వకుండా అంతకంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా చేతిలో పెట్టారు. ఆ రోజుల్లోనే ఇద్దరు అన్నదమ్ములను స్ప్రూ అనే పేగుల జబ్బు బలి తీసుకుంది.

కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ, మామగారు కలిసి డబ్బు సమకూర్చగా 1920ల మొదట్లో అమెరికాలోని హార్వర్డ్‌కు చేరారు. మన దేశపు పట్టాతో అక్కడ డాక్టరు ఉద్యోగం రాలేదు. ఆస్పత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్ర పాత్రలు కడిగే పని చేస్తూ చదివారు. 1925లో ఫిస్కే గారితో కలిసి రక్తంలో, మూత్రంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి ప్రకటించారు. మీ జీవశాస్త్రంలో శ్వాసక్రియ పాఠంలో వచ్చే ఏటీపీని 1929లో వెలికితీసిన వారిలో ఆయన ఒకరు. 1930లో పిహెచ్.డి. వచ్చింది. అయినా హార్వర్డ్ ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లీ కంపెనీ పరిశోధనశాలకు వెళ్లారు. ఫోలిక్ యాసిడ్, బోదకాలుకు వాడే డీఈసీ మందు, పిల్లల రక్త క్యాన్సర్‌పై మొదట పనిచేసిన అమినోప్టెరిన్, ఆరియోమైసిన్ అక్కడి నుంచే వచ్చాయి. తమ్ముళ్లూ, ఆయన అన్నదమ్ములను చంపిన స్ప్రూ జబ్బుకు ఆ ఫోలిక్ యాసిడే మందయింది. 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే ఆయన కన్నుమూశారు. మళ్లీ స్వదేశం చూడలేదు. 1995లో మన ప్రభుత్వం ఆయన పేర తపాలా బిళ్ల విడుదల చేసింది.

ఈ కథ మీకెందుకు చెబుతున్నామంటే, పదో తరగతి ఫలితాలు, తునికాకు కోత మన దగ్గర ఇంచుమించు ఒకేసారి వస్తాయి. ఒక సబ్జెక్టు పోయినవాడు సిగ్గుతో ఆకు కోతకు పోతాడు. తర్వాత పత్తికి, ఆ తర్వాత మిరప తోటలకు. మళ్లీ హాల్‌టికెట్ ముట్టుకోడు. మాతో చదివిన వాళ్లలో అలా పోయినవాళ్లు ఉన్నారు. వాళ్లు మాకంటే తెలివి తక్కువ వాళ్లు కాదు. మా ఇళ్లల్లో డిగ్రీ చూసిన మొదటివాళ్లం మేమే. వెనక్కి పిలిచినవాళ్లు ఉండబట్టే మేము నిలబడ్డాం.

కాబట్టి కొన్ని మాటలు గుర్తుంచుకోండి. తప్పితే సప్లిమెంటరీ ఫీజు గడువులోపు కట్టండి. ఏ పాఠంలో మార్కులు పోయాయో చూసుకుని, పాత ప్రశ్నపత్రాలు గడియారం ముందు పెట్టుకుని రాయండి. డాక్టరు కావాలంటే నీట్, ఇంజనీరింగుకు ఎప్‌సెట్ రాయాలి. రెండింటికీ ఇంటర్ పుస్తకాలే ఆధారం, ఇంటర్‌కు పదో తరగతి లెక్కలు, సైన్సే పునాది. నీట్‌లో ఒప్పుకు 4 మార్కులు, తప్పుకు 1 కోత. కనుక గుడ్డిగా గీయకండి. ఎప్‌సెట్‌లో కోత లేదు, ఏ ప్రశ్నా వదలకండి. కులం, ఆదాయం సర్టిఫికెట్లు ముందే తీసి పెట్టుకోండి.

సుబ్బారావు గారు ఒంటరిగా గట్టెక్కలేదు. తల్లి, స్నేహితులు, మామగారు, ధర్మసంస్థ ఆయన వెనుక నిలిచారు. మీకు వార్డెన్ గారు, మాస్టార్లు, మీకంటే ముందు ఈ గదుల్లో పడుకుని చదివిన మేము ఉన్నాం. ఈసారి ఫలితాల రోజు మీ పక్క మంచం తమ్ముడు తప్పితే వాణ్ణి ఆకు కోతకు పోనివ్వకండి. చెయ్యి పట్టుకుని ఫీజు కట్టించండి.