విలియం కేరీ

విలియం కేరీ 1761లో ఇంగ్లండునందలి పాలర్స్‌పరీ గ్రామమున ఒక సాలెవాని యింట జన్మించెను. పాదరక్షలు కుట్టి జీవించుచునే గ్రీకు, హీబ్రూ భాషల నభ్యసించి, బాప్టిస్టు సంఘబోధకుడై, 1793లో వంగదేశమునకు వచ్చెను. 1800లో శ్రీరామపురమున సహచరులతో గూడి ముద్రణాలయమును నెలకొల్పెను. మరుసటి యేట ఆయన బంగాళీ క్రొత్త నిబంధన వెలువడెను.

1812 మార్చి 11వ తేదీన ఆ ముద్రణాలయము అగ్నికి ఆహుతి యయ్యెను. కాగితములు, అచ్చక్షరములు, అనువాదముల వ్రాతప్రతులు, చిరకాలము శ్రమించి కూర్చిన బహుభాషా నిఘంటువు భస్మములయ్యెను. కేరీ ధైర్యము వీడలేదు. కరగిన సీసముతో మరల అక్షరములు పోతపోయబడెను. ఆయన మరల కలము పట్టెను. 1814లో ఆయన తెలుగు వ్యాకరణమును, 1818లో తెలుగు క్రొత్త నిబంధనయు అచ్చటనే వెలువడెను.

1834 జూన్ 9న శ్రీరామపురముననే కేరీ కన్నుమూసెను. దగ్ధమైన అనువాదములను మరల మొదటినుండి వ్రాయబూనిన ఆ పట్టుదల గ్రంథములను కాపాడు మనకు నిత్యస్మరణీయము.